నాలుగు తగ్గిన అంకె

నవంబరు 4, సోమవారం

పొద్దున మంచు దట్టంగా ఉంది. కాశీబుగ్గ నుంచి కిడ్నీ పరీక్షల సెంటరుకి సైకిలు మీద వెళ్లేసరికి భుజాల దగ్గర చొక్కా తడిసింది. తొమ్మిదికి ఎండ వచ్చింది. ముప్పై ఎనిమిది రిపోర్టులు కొట్టాను. కంప్యూటరు మూడుసార్లు ఆగిపోయింది. ఆగినప్పుడల్లా మొదటినుంచి కొట్టాలి.

ఇదివరకు రోజుకి ఇరవై రిపోర్టులు. ఉద్దానంలో ఇంకో పన్నెండు ఊళ్లు మాకు కలిపాక నలభై దాటుతున్నాయి. ఢిల్లీరావు ఊళ్లు తిరిగి రక్తం తీసుకొచ్చి, పరీక్ష చేసి, పొడుగు పుస్తకంలో చేత్తో రాస్తాడు. నేను అది చూసి కొట్టి ప్రింటు తీస్తాను. కొత్త కంప్యూటరు పంపుతామని సెంటరు నడిపే సంస్థ వాళ్లు రెండేళ్లుగా చెబుతున్నారు. పాతదాన్ని ఎవరూ విప్పకూడదని కూడా చెప్పారు.

విశాఖ నుంచి శశాంక్ పార్సిలు వచ్చింది. మా అక్క కొడుకు. వాడి కంప్యూటరులోంచి తీసేసిన ర్యామ్, అంటే మెమొరీ ముక్క, నాలుగు జీబీ. ఎర్రటి రేకు తొడుగు ఉంది. స్టిక్కరు మీద 1.65 వోల్టులు అని రాసుంది. మా దాంట్లో ఉన్నది రెండు జీబీ. దాని మీద 1.5.

ఆ తేడా ఎంత అని మా ఆవిడ ప్రభావతిని అడిగాను. అన్నం వడ్డిస్తూ, నాకేం తెలుసు అంది. నేనూ ఊరికే అడిగాను.

నవంబరు 5, మంగళవారం

ఢిల్లీరావు ఊళ్లకి వెళ్లాక తలుపు దగ్గరికి వేసి కంప్యూటరు పెట్టె విప్పాను. దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు లోపల పచ్చబోర్డుకి కూడా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. అది ఇంకా ఉంది. గుడ్డతో తుడిచాను. ఖాళీ స్లాటులో కొత్త ముక్క నొక్కితే టక్కుమని కూర్చుంది.

స్విచ్చి వేస్తే ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉండిపోయింది. రెండుసార్లు తీసి పెట్టాను. అంతే.

శశాంక్‌కి ఫోన్ చేశాను. "మావయ్యా, దానికి 1.65 కావాలి. మీ బోర్డు 1.5 ఇస్తుంది. పాతదొక్కటీ పెట్టి ఆన్ చేసి, సెట్టింగుల్లో పెంచి, అప్పుడు ఇది పెట్టు" అన్నాడు. తరవాత, "1.65 మాత్రం దాటొద్దు. మెమొరీని నడిపేది ప్రాసెసరు లోపలే ఉంటుంది. అది పోయిందంటే కంప్యూటరు పోయినట్టే" అన్నాడు.

అలాగే చేశాను. వచ్చింది. ఆరు జీబీ అని చూపించింది. మధ్యాహ్నం దాకా ఒక్కసారీ ఆగలేదు. ఢిల్లీరావు సాయంత్రం వచ్చి, ఏటి బావా ఈ రోజు పని తొందరగా అయిపోనాది అన్నాడు. కరెంటు బాగుంది అన్నాను.

నవంబరు 6, బుధవారం

ఆగలేదు. యాభై రెండు రిపోర్టులు.

నవంబరు 8, శుక్రవారం

వాన తుంపర. గాలి సముద్రం వైపు నుంచి.

పదిన్నరకి ఆగింది. పన్నెండింటికి మళ్లీ. పెట్టె మీద చెయ్యి వేసి చూశాను. వెచ్చగా ఉంది. ఇదివరకు ఎంత వెచ్చగా ఉండేదో గుర్తు లేదు, ఎప్పుడూ చెయ్యి వేసి చూడలేదు. కాలిన వాసన వస్తుందేమోనని వెనక ఫ్యాను దగ్గర ముక్కు పెట్టాను. దుమ్ము వాసన, కొంచెం పసుపు వాసన.

ఫోనులో చదివాను. మనం పెట్టిన వోల్టేజి రెండు ముక్కలకీ ఒకటే వెళుతుందట. అంటే 1.5 రాసున్న పాతది కూడా మూడు రోజులుగా 1.65 తాగుతోంది. ఈ సంగతి శశాంక్ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఒకతను, ఆగుతుంటే ఇంకొంచెం పెంచితే నిలబడుతుంది అని రాశాడు. ఇంకొకతను 1.65 దాటితే ప్రాసెసరు ఎప్పుడు పోతుందో చెప్పలేం అన్నాడు. మొదటివాడు వివరంగా, బొమ్మలు పెట్టి రాశాడు. రెండోవాడిది ఒక్క వాక్యం.

1.70 పెట్టాను. సాయంత్రం దాకా ఆగలేదు.

నవంబరు 9, శనివారం

ఆగలేదు. గంటకోసారి చెయ్యి వేసి చూస్తున్నాను. లైను మీద కరెంటు ఎక్కువా తక్కువా అయినప్పుడల్లా లేచి వెనక ఫ్యాను తిరుగుతోందా అని చూస్తున్నాను. ఇది పోతే రిపోర్టులన్నీ పోతాయి. విప్పింది నేనే అని తెలుస్తుంది. నలభై ఎనిమిదేళ్ల వాడికి ఈ పలాసలో ఇంకో బల్ల, కుర్చీ ఎవరిస్తారు.

నవంబరు 11, సోమవారం

ఎండ బాగుంది. కాగితాలు ఇచ్చే రోజు. సంతబొమ్మాళి మండలం వాళ్లు ఎక్కువగా వచ్చారు.

రక్తంలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2 లోపు ఉంటే కాగితం నేనే ఇచ్చి పంపేస్తాను. దాటితే గురువారం డాక్టరు కార్తికేయ గారు వచ్చేదాకా ఆపుతాం. ఆయన చూడాల్సిన వాళ్ల జాబితా కంప్యూటరే తీస్తుంది.

సముద్రం ఒడ్డు పేట నుంచి బైరాగి, అతని పెళ్లాం జోగమ్మ వచ్చారు. ఆమెది 0.8. కాగితం తీసుకుని బైరాగి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు కాయితం అంటేనే భయం బాబూ. ఇందల ఏటి రాసుందో మీరే సెప్పండి."

"బాగుంది. సున్నా పాయింట్ ఎనిమిది. ఏ భయం లేదు" అన్నాను.

అతను గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. వాళ్ల అన్న, వదిన ఇద్దరూ ఈ జబ్బుతోనే పోయారట. మూడు నెలలుగా జోగమ్మకి నీరసం, కూడు సయించడం లేదట. అదే అనుకుని ఆమె ఉప్పు మానేసిందట, అతను వలలు కూడా సరిగ్గా వెయ్యలేదట. తరవాత నవ్వాడు. "నీకేటీ లేదంటే ఇన్నావు కావు. ఊరికే తొంగున్నావు" అని పెళ్లాన్ని ఆట పట్టించాడు. ఆమె, తొంగుంటే కూడు నువ్వొండినావేటి అంది.

ఆమె ఇంకేదో అడిగింది. చెప్పాను.

బస్సు ఎక్కబోయేవాడు వెనక్కి వచ్చి గోనెసంచిలో నాలుగు కొబ్బరికాయలు ఇచ్చి వెళ్లాడు. వద్దన్నాను. వినలేదు.

నవంబరు 13, బుధవారం

మందస వైపు నుంచి సింహాచలమ్మ అనే ఆమె కాగితం కోసం వచ్చింది. వయసు 12 అని పడింది. కూడా వచ్చిన మనవరాలు చదివి చెప్పింది.

"నాకు పన్నెండేళ్లా బాబూ. మా ముసిలోడికి సెప్పకండి, మల్లీ పెళ్లి సూపులంటాడు."

వరండాలో అందరూ నవ్వారు. నేనూ నవ్వి, 52 అని మళ్లీ కొట్టి ఇచ్చాను. పని తొందరలో వేలు తప్పింది.

నవంబరు 14, గురువారం

కీబోర్డు మీద ఒకటి ఈ చివర ఉంది. అయిదు మధ్యలో ఉంది.

వేలు తప్పిందనే అనుకుంటున్నాను.

డాక్టరు గారు పదకొండు మందిని చూసి మూడింటికి వెళ్లారు.

నవంబరు 15, శుక్రవారం

కార్తీక పౌర్ణమి. సెలవు. ప్రభావతి ఉపవాసం. నాకు మాత్రం దోసెలు పోసి, బైరాగి ఇచ్చిన కాయ కొట్టి పచ్చడి చేసింది. కాయ నీళ్లు తియ్యగా ఉన్నాయంది. నేను పచ్చడి ముట్టకుండా దోసె ఉత్తినే తిన్నాను. మిగతా మూడు కాయలు బియ్యం డబ్బా పక్కన ఉన్నాయి.

నవంబరు 16, శనివారం

ఢిల్లీరావు రాడు. కంప్యూటరుని దుప్పట్లో చుట్టి ఆటోలో కాశీబుగ్గ బస్టాండు దగ్గర భానుప్రియ కొట్టుకి తీసుకెళ్లాను. మొగుడు సెల్‌ఫోన్లు చూస్తాడు, ఆమె కంప్యూటర్లు చూస్తుంది. మొగుడి దగ్గరకంటే ఆమె దగ్గరే జనం ఎక్కువ.

విప్పి, టార్చి లైటు స్లాటులోకి పెట్టి చూసింది.

"లోపల కూడా పూజ చేసారేటి మాష్టారూ?"

"దసరాకి."

"బయట పెట్టుకోండి బొట్టు. ఈ సందులో కుంకం గట్టిపడిపోయింది చూడండి. కొత్త ముక్క ముందు రాకపోడానికి ఇదే కారణం, మళ్లీ తీసి పెట్టినప్పుడు అంటుకుని ఉంటాది. 1.65 అని రాసున్నా, 1.5 మీద కూడా అది నెమ్మదిగా నడిచేస్తాది. మీరేటి చేశారు?"

"కొంచెం పెంచాను."

"ఎంత?"

"1.65" అన్నాను. ఆమె ఆన్ చేసి సెట్టింగులు తెరిచింది. 1.70 అని ఉంది. ఆమె దాన్ని మార్చి 1.5 పెట్టింది.

బ్రష్షుతో, ఏదో ద్రావకంతో స్లాటు కడిగింది. ముక్కలు రెండూ విడివిడిగా పెట్టి మెమొరీ పరీక్ష నడిపింది. ఎర్ర తొడుగుది గంటన్నర నడిచినా తప్పు రాలేదు. మాది, పాతది, పది నిమిషాలకే తెర మీద ఎర్ర గీతలు చూపించడం మొదలుపెట్టింది.

ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని చాలాసేపు ఆ గీతలు చూసింది. అన్నీ ఒక్కచోటే వస్తున్నాయంది. అక్కడ నాలుగు అనే విలువ నిలబడటం లేదు, జారిపోతోంది అంది. నాకు అర్థం కాలేదు. కాగితం మీద రాసి చూపించింది. ఆ చోటులో అయిదు పెడితే ఒకటి అవుతుంది. ఆరు రెండు అవుతుంది. ఏడు మూడు అవుతుంది.

"నాలుగు పెడితే?"

"సున్నా."

పెంచినందువల్లే పోయిందా అని అడిగాను. చెప్పలేనంది. 1.5 దానికి 1.70 పెడితే ఒక్కోటి ఏళ్లు నడుస్తాది, ఒక్కోటి వారానికి పోతాది, ఇది ముందే పోయి ఉండొచ్చు కూడా అంది. పాతది పక్కన పడేసి, 1.5 రాసున్న ఇంకో రెండు జీబీ ముక్క ఒక్కటే పెట్టి, ఎర్ర తొడుగుది నా చేతికి ఇచ్చింది. ఇలాంటిదే వాడండి, వోల్టేజి ముట్టుకోకండి, సెట్టింగు 'ఆటో' మీదే వదిలెయ్యండి అంది.

బయటికి వస్తుంటే పిలిచి అడిగింది. "ఇందులో లెక్కలేవీ కొట్టడం లేదు కదా మాష్టారూ?"

"ఉత్తరాలే" అన్నాను.

ముందే పోయి ఉండొచ్చు.

నవంబరు 17, ఆదివారం

ఢిల్లీరావు పొడుగు పుస్తకం సెంటరు బీరువాలో ఉంది. నేను కొట్టిన వాటి ఆఫీసు కాపీలు పక్క ఫైల్లో ఉన్నాయి. బీరువా తాళం నా జేబులోనే ఉంది.

వెళ్లలేదు. ఆదివారం.

నవంబరు 18, సోమవారం

మబ్బు. ముప్పై ఒక్క రిపోర్టులు కొట్టాను. నెమ్మదిగా ఉంది, నాలుగుసార్లు ఆగింది. ప్రతి కాగితం పుస్తకంతో పోల్చి చూశాను. ఒక్క తేడా లేదు.

ఈ రోజువే చూశాను. వెనక పేజీలు తిప్పలేదు. టైము లేదు. నెలాఖరుకి పుస్తకం సంస్థ ఆఫీసుకి వెళ్లిపోతుంది.

నవంబరు 19, మంగళవారం

చూశాను. అయిదో తారీఖు నుంచి పద్నాలుగు దాకా మూడు వందల నలభై ఒకటి. ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టి ఒంటిగంటకి పూర్తి చేశాను. ఒక వేలు పుస్తకం మీద, ఒక వేలు కాగితం మీద.

మూడు తేడాలు. సింహాచలమ్మ వయసు. ఒకతని ఇంటి నంబరు.

జోగమ్మ. పుస్తకంలో 4.8. కాగితంలో 0.8.

4.8 కింద ఢిల్లీరావు ఎర్ర పెన్సిలుతో గీత గీశాడు. నేను కొట్టేటప్పుడు ఆ గీత చూసే ఉంటాను. అలాంటివి రోజుకి రెండు మూడు చూస్తాను. 4.8 అనే కొట్టి ఉంటాను. కంప్యూటరులో అది సున్నా అయింది కనక డాక్టరు గారి జాబితాలో పేరు రాలేదు. జాబితాలో లేదు కనక ఢిల్లీరావు అడగలేదు.

పదకొండో తారీఖున రాయనివి రెండున్నాయి.

ఆమె పాదాలు వాచి ఉన్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. చూశాను.

ఆమె అడిగింది మోకాళ్ల నొప్పి మాత్రల గురించి. మందుల షాపువాడు ఇచ్చినవి, కిడ్నీకి మంచివి కావని ఎవరో అంటే ఆపేసిందట. వేసుకోవచ్చా అని అడిగింది. కిడ్నీ బాగానే ఉంది కదా, వేసుకోవచ్చు అన్నాను. నేను. గుమస్తాని.

ఎనిమిది రోజులు.

నవంబరు 20, బుధవారం

బైరాగి ఇచ్చిన నంబరుకి పొద్దున్నుంచి ఏడుసార్లు చేశాను. అందుబాటులో లేదు. సముద్రం మీద ఉంటాడు.

ఢిల్లీరావుకి చెప్పబోయాను. అతను వాళ్ల పాప స్కూలు గురించి మాట్లాడుతున్నాడు. ఆగాను. తరవాత వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర ప్రభావతికి చెప్పాను. కుంకుమ, వోల్టేజి, 1.70, పాదాలు, మాత్రలు, అన్నీ.  ఎప్పుడు వెళతావు అంది ఆమె. రేపు అన్నాను.

"రేపెందుకు? ఇప్పుడు బస్సు ఉంది కదా."

వాన పడేలా ఉంది, అక్కడికి వెళ్లేసరికి సాయంత్రం అవుతుంది, అతను ఇంకా సముద్రం మీదే ఉంటాడు అన్నాను. ఆమె కంచం తీసుకుని వెళ్లిపోయింది.

వాన పడలేదు.

నవంబరు 21, గురువారం

మొదటి బస్సుకి టెక్కలి, అక్కడి నుంచి ఆటో. వరి కోతలు సాగుతున్నాయి. రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు, ఆటో పక్కకి తప్పుకుంటూ వెళ్లింది. దారంతా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. కంప్యూటరు పాతది. లోపల ఒక భాగం పాడైంది. అంకె మారిపోయింది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

బైరాగి ఇంటిముందు వల సరిచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, బాబొచ్చినారు టీ ఎట్టు అని లోపలికి కేకేశాడు. వాళ్ల కూతురు బేబి వచ్చింది. జోగమ్మ రాలేదు. అరుగు మీద చాప వేసుకుని పడుకుని ఉంది. ముఖం కూడా ఉబ్బింది. మూడు రోజులుగా వాంతులట. జొరం తిరుగుతోంది, కిడ్నీ అయితే బావున్నాది కదా, అదే తగ్గుతాది అనుకున్నారట. చాప పక్కన మాత్రల అట్ట ఉంది. సగం ఖాళీ.

నిలబడే చెప్పాను. ఆ రోజు కాగితంలో ఉన్నది తప్పు, అసలు అంకె 4.8, ఇప్పుడే నాతో రావాలి, డాక్టరు గారు ఈ రోజు ఉంటారు.

అతను చేతిలో ఉన్న ముడి పూర్తిగా వేశాడు. లేచి లోపలికి వెళ్లి కాగితం తెచ్చాడు. ప్లాస్టిక్ అట్టలా నిగనిగలాడుతోంది.

"టెక్కల్లో లేమినేసను సేయించినాను" అన్నాడు. నా ముందు పట్టుకున్నాడు. "ఇది మీరే సదివారు బాబూ."

"అవును."

"ఆ మాత్తర్లు ఏసుకోమన్నదీ మీరే."

"అవును."

"మిసనీ తప్పా, మీ తప్పా?"

దారంతా కూర్చుకున్నవి గుర్తున్నాయి.

"నాది" అన్నాను. "విప్పొద్దన్నదాన్ని నేను విప్పాను. పాడైందేమో అని అనుమానం వచ్చాక కూడా చూడలేదు. మొన్న చూశాను. నిన్న రాలేదు."

అతను నా వైపు చూడలేదు. బేబి టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. చాప మీదనుంచి జోగమ్మ అడిగింది.

"మల్లీ ఉప్పు మానీమంటారేటి?"

 ఆటో అతన్ని ఉంచేశాను కనక అందులోనే ఎక్కించాం. ఆమె మెట్టు ఎక్కలేకపోయింది. బైరాగి ఎత్తి కూర్చోబెట్టాడు. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను.  టెక్కలి దాటాక ఒకసారి ఆపమన్నారు, ఆమె వాంతి చేసుకుంది.

ఢిల్లీరావు రక్తం తీసి పరీక్ష చేశాడు. కాగితం నన్ను కొట్టమనలేదు. చీటీ మీద చేత్తో రాసి డాక్టరు గారికి ఇచ్చాడు. 7.9. పదిరోజుల కిందట దొరికి ఉంటే మందుల మీద నడిచేదేమో అన్నారు డాక్టరు గారు. ఆయనకి కూడా మొత్తం చెప్పాను. విన్నారు. మీరు బయట కూర్చోండి అన్నారు.

డయాలసిస్ కోసం విశాఖ పెద్దాసుపత్రికి రాసిచ్చారు. ఈ సాయంత్రం ఆమె రైలెక్కే స్థితిలో లేదని ఇక్కడ పలాస ఆసుపత్రిలోనే చేర్పించారు.

నవంబరు 22, శుక్రవారం

మబ్బు. చలి గాలి.

సంస్థ ఆఫీసుకి జరిగింది రాసి పంపాను. చేత్తో రాశాను. మూడు పేజీలు. 1.65 అని రాసి, కొట్టేసి, 1.70 అని రాశాను. మూడు వందల నలభై ఒక్క మందికీ మళ్లీ రక్తం తియ్యాలని కూడా రాశాను. పుస్తకంతో పోల్చావు కదా, అక్కర్లేదు అన్నాడు ఢిల్లీరావు. నేను ఒక్కడినే పోల్చాను అన్నాను.

అతను ఈ రోజు నన్ను బావా అనలేదు.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లాను. జోగమ్మ నిద్రపోతోంది. బైరాగి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కొంచెం దూరంలో కూర్చున్నాను. విశాఖలో ఆసుపత్రి స్టేషనుకి ఎంత దూరం అని అడిగాడు. శశాంక్ నంబరు రాసిచ్చాను, స్టేషనుకి వస్తాడు అన్నాను. చీటీ తీసుకుని లేమినేషన్ కాగితంతో కలిపి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ప్రభావతి మూడు కొబ్బరికాయలూ సంచిలో వేసి గుమ్మం దగ్గర పెట్టి ఉంచింది. వాళ్ల దారికి ఇచ్చెయ్యి అంది.

నవంబరు 23, శనివారం

మంచు. తొమ్మిది దాకా ఎండ రాలేదు.

బైరాగి, జోగమ్మ, బేబి ఉదయం ఏడుంపావుకి పలాస స్టేషనులో విశాఖ రైలెక్కారు. కాయలు బేబి తీసుకుంది.

పదకొండింటికి బీరువా తాళం, గది తాళం ఢిల్లీరావుకి ఇచ్చి, ఇక రానని చెప్పి నేను సెంటరు నుంచి వచ్చేశాను.